ఏడు విస్తర్ల శాశ్వత ఉపాధి

మొన్నామధ్య ఖమ్మంలో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలకు శిక్షణ తరగతి పెట్టి, పాత ఉద్యోగినని నన్నూ పిలిచారు. 'విజయగాథలు రాయడం ఎలా' అన్నది నాకిచ్చిన అంశం. ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. నాకంటే ముందు మైకు పట్టుకున్నాయన అందులో పది నిమిషాలు తినేశాడు, మిగిలిన పదిలో టీ వచ్చింది. తర్వాత శాలువా కప్పి పంపించేశారు. ఆ రోజు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. శాలువా మాత్రం తిరిగి ఇవ్వను.

నా సర్వీసంతా ప్రచార విభాగంలోనే గడిచింది. చివరి కొన్నేళ్ళు నిర్వాసితుల పునరావాసం చూసే కార్యాలయంలో పనిచేశాను. జలాశయం కట్టినప్పుడు కొన్ని గూడేలు మునుగుతాయి. మునిగినవాళ్ళకు వేరేచోట కాలనీ కడతారు. వాళ్ళకు పని దొరకాలని అక్కడ రోడ్డు, షెడ్డు, పంపుహౌసు లాంటివి మంజూరు చేస్తారు. వాటివల్ల జనానికి ఏం మేలు జరిగిందో లోకానికి తెలియజేయడం నా కొలువు. పుస్తకం వేయాలి, ఫ్లెక్సీ కట్టించాలి, పెద్దవాళ్ళ ప్రసంగాలకు నాలుగు ముక్కలు రాసివ్వాలి. ఏ జలాశయమో, ఏ పథకమో చెప్పను. అందరం ఒక్క తీరుగానే రాసేవాళ్ళం కాబట్టి చెప్పినా చెప్పకపోయినా ఒకటే.

మా పద్ధతి ఏమిటో ముందు చెబుతాను, మీకు పనికొస్తుంది. ఏటా మార్చిలో 'ఫలితాల పుస్తకం' అచ్చవ్వాలి. ఫలితాలు కాలనీల నుంచి రావాలి కదా, రావు. రాకపోతే మేము ఆగేవాళ్ళమా? బీరువాలోంచి మంజూరు కాగితాలు తీసేవాళ్ళం. షెడ్డు కడితే ఇంతమంది ఆడవాళ్ళకు పని దొరుకుతుందని అందులో ఉంటుంది. అది దొరికిపోయినట్టు రాసేవాళ్ళం. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెతను పటం కట్టించి మా ఆఫీసు గోడకు వేలాడదీయాల్సింది. ఈ పనిలో నాకు మంచి పేరుండేది. మాది ఆంధ్రా అంచున ఎర్రుపాలెం పక్క. 'మీ సరిహద్దు తెలుగు తియ్యగా ఉంటదమ్మా' అని మా అధికారి పొగిడితే పొంగిపోయేదాన్ని. నా బుద్ధి అప్పుడు గడ్డి తింది.

ఆ ఏడాది పుస్తకంలో దమ్మపేట వైపు ఉన్న ఒక కాలనీకి ఒక పేజీ కేటాయించారు. అడవి అంచున ఉండే కోయ గూడెం నీళ్ళలో పోయింది. ఆ గూడెంవాళ్ళను పామాయిల్ తోటల మధ్య వరసగా కట్టిన ఇళ్ళలోకి తెచ్చిపెట్టారు. పాత గూడెం వెనక గుట్టంతా అడ్డాకు తీగలే. ఆడవాళ్ళు ఆకు కోసుకొచ్చి, ఎండబెట్టి, పుల్లలతో విస్తర్లు కుట్టి సంతలో అమ్మేవాళ్ళు. ఆ నేర్పు ఉంది కదా అని కాలనీలో షెడ్డు కట్టి, ఆకును వేడిచేసి విస్తరిగా ఒత్తే మిషను పెట్టారు. ఆలోచన బాగానే ఉంది. ఆకున్న గుట్ట నీళ్ళ కింద ఉందన్న సంగతి మాత్రం ఆలోచించినవాళ్ళకు తట్టలేదు.

ఫొటో తీయడానికి వెళ్ళిన రోజుకు షెడ్డుకు కరెంటు లేదు. మిషనుకు కావలసిన లైను వేయలేదు. స్తంభాలు మూడు రోడ్డు పక్కన పడుకుని ఉన్నాయి. మా ఫొటోగ్రాఫర్ కాంట్రాక్టు మనిషి, తెలివైనవాడు. పెళ్ళిళ్ళకు కిరాయికిచ్చే జనరేటర్ను ట్రాలీ ఆటోలో వేయించుకొచ్చాడు. అదే ఆటోలో నాలుగు కట్టల అడ్డాకు కూడా వచ్చింది, ఎక్కడో కొన్నది. ఆకుల మీద బతికిన మనుషులకు మేము బయటినుంచి ఆకులు తెచ్చిపెట్టి ఫొటో తీస్తున్నాం. ఆ రోజే నాకు ఒళ్ళు మండాల్సింది. మండలేదు. ఎండ పైకెక్కితే మొహం మీద నీడ పడుతుందేమోనన్నదే నా బెంగ.

మిషను దగ్గర నిలబెట్టడానికి ఒకామెను నేనే ఎంచాను. ముప్పై అయిదేళ్ళుంటాయి. భర్త తాటిచెట్టు మీంచి పడి నడుం పోయి మంచాన ఉన్నాడు, ఇద్దరు పిల్లలు. ఆమె కూలికి పోతేనే ఇల్లు గడిచేది. ఇవన్నీ ఆమె చెప్పింది, నేను రాసుకున్నాను. కష్టం ముందు, సుఖం తర్వాత వస్తేనే కదా విజయగాథ. ఆమె మిషను పెడల్ తొక్కి విస్తర్లు ఒత్తింది. మొదటిది మాడింది, దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఆ తర్వాత ఏడు వచ్చాయి. ఏడోదానికి ఫొటో బాగా కుదిరింది. జనరేటర్ మనిషికి పక్క ఊళ్ళో పెళ్ళుంది, కట్టేసి తీసుకుపోయాడు. మళ్ళీ ఎప్పుడు రావాలమ్మా అని ఆమె అడిగింది. కబురు చేస్తారన్నాను. ఎవరు చేస్తారో నాకూ తెలియదు.

ఫొటో కింద నేను రాసిన వాక్యం ఇది: 'నిన్నటిదాకా అడవిలో ఆకు ఏరుకున్న ఈ గిరిజన మహిళ, నేడు అదే ఆకుతో శాశ్వత ఉపాధి పొంది కుటుంబాన్ని నిలబెట్టుకుంది.' మా అధికారి రెండుసార్లు చదివి, కలమంటే నీదేనమ్మా అన్నారు. తొమ్మిదో పేజీలో వేశారు.

అయిదు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆమె రెండు బస్సులు మారి ఖమ్మంలో మా ఆఫీసుకొచ్చింది. చేతిలో నాలుగు మడతలు పెట్టిన జిరాక్సు కాగితం ఉంది. కాలనీ పక్కన ఆశ్రమ పాఠశాలలో వంటకు సహాయకురాలు కావాలట. ఏ పనీ దొరకని నిర్వాసిత కుటుంబాలకు మొదటి అవకాశమట. ఈమె దరఖాస్తు పెడితే, మీ కుటుంబానికి ఇప్పటికే ఉపాధి దొరికిందని తిప్పికొట్టారు. అదేంటని అడిగితే అక్కడి గుమాస్తా మా పుస్తకం తీసి, తొమ్మిదో పేజీ చూపించి, దానికి ఒక జిరాక్సు తీసి చేతిలో పెట్టాడు. ఆమెకు చదువు రాదు. ఫొటో తనదేనని మాత్రం గుర్తుపట్టింది.

"ఇండ్ల నా గురించి ఏం రాసిండ్రో జర సదువమ్మా," అంది.

చదివాను. నా వాక్యాన్ని నేనే గట్టిగా చదవడం అదే మొదలు. అచ్చులో తియ్యగా ఉన్నది నోట్లో చేదుగా ఉంది.

"శాశ్వత అంటే?"

"ఎప్పటికీ ఉండేదమ్మా."

"నేను ఆ ఒక్క దినం ఏడు చేసిన. గంతే గద. ఎవరు రాసిండ్రమ్మా ఇది?"

ఆఫీసులో రాస్తారమ్మా అన్నాను. ఉద్యోగంలో నేను చెప్పిన అబద్ధాలన్నిట్లోకి అది చిన్నది. ఇప్పటికీ గుర్తొస్తే తల ఎత్తలేను. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. కాగితం మళ్ళీ నాలుగు మడతలు పెట్టి, బడిలో పని ఎవరికన్నా ఇచ్చేలోపు ఇది సరి చేయించమ్మా అని మాత్రం అడిగింది.

ఆ సాయంత్రమే నోట్ పెట్టాను. ఈ పేజీలో రాసింది వాస్తవం కాదు, సవరణ పంపాలి అని. మా అధికారి దాన్ని చదివి, తలుపు వేయమని, కూర్చోమన్నారు. ఆయన చెడ్డవాడేమీ కాదు. నా కూతురి పెళ్ళికి ముందు రోజే వచ్చి పందిట్లో కుర్చీలు మోసిన మనిషి. "కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా?" అన్నారు. కందకు దురద ఉందండీ, రెండు బస్సులెక్కి వచ్చి చెప్పింది అన్నాను. అప్పుడు అసలు సంగతి బయటపెట్టారు. ఆ పుస్తకం చూసి రెండో విడత పనులు మంజూరు చేయబోతున్నారు. ఒక పేజీ తప్పని మనమే ఒప్పుకుంటే మిగతా పేజీలు ఊరుకుంటాయా, అందరూ తిరగేస్తారు అన్నారు. ఒక్క మనిషికి ఒక్క కొలువు పోతే పోయింది, రెండో విడతలో పదిమందికి వస్తుందని ఓదార్చారు కూడా. ఆ పదిమందికి వచ్చిందని రాయబోయేది మళ్ళీ నేనే కదా! నోట్ ఆయన సొరుగులోకి పోయింది.

బయటికొచ్చి ఫొటోగ్రాఫర్ దగ్గర వెళ్ళగక్కాను. అతను టీ తాగుతూ తాపీగా విన్నాడు.

"ఆ ఒక్క పేజీకే ఇంత పరేషాన్ అయితున్నరు మేడం. మిగిలిన పేజీలు గూడ నేనే తీసిన గద. జనరేటర్ అదే."

నేను నవ్వలేదు. పుస్తకం తెచ్చి మొదటి పేజీ నుంచి చూశాను. కుట్టు మిషన్ల గది, పిండిమర, ఇటుకల యంత్రం. ప్రతి ఫొటోలోనూ మూల ఎక్కడో ఒక నల్లటి వైరు కనిపిస్తోంది. అదంతా నా చేతి మీదుగానే అచ్చుకు వెళ్ళింది. మనుషుల్ని ఊరు కదిపి, చెట్టూ చేమా ముంచి, చివరికి వాళ్ళ మొహాలను కూడా మా పనికే వాడుకున్నాం. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు. తగ్గకూడదనే అనుకుంటున్నాను.

నాకు అవకాశం మూడు వారాలకు వచ్చింది. రెండో విడత మంజూరు చేసేముందు పైనుంచి ఒక సమీక్ష బృందం ఆ కాలనీకే వస్తోందని కబురు. ఫలితాల పుస్తకంలోని విషయాలు నిర్వాసితులకు తమ సమక్షంలోనే చదివి వినిపించాలని బృందం కోరింది. మా అధికారి కార్యక్రమం వేయమన్నారు. నేను తెలుగులో ఒక్కో వాక్యం చదువుతానని, కాలనీ పెద్దమనిషి దాన్ని కోయలో చెబుతాడని వేశాను. భలేగుంటది, ఫొటోలకు కూడా బాగుంటదని ఆయన సంతకం పెట్టారు.

ఆయనకు తెలియనిది నాకు తెలుసు. గూడెం మునగకముందు ఒకసారి అధికారుల వెంట అక్కడికి వెళ్ళాను. ఆ గూడెంలో ఒక ఆనవాయితీ ఉంది. బయటివాళ్ళు చెప్పిన మాటను పెద్దమనిషి ముక్కలు చేసి, ఒక్కో ముక్కా తన భాషలో చెబుతాడు. కూర్చున్నవాళ్ళంతా అవునంటేనే తర్వాతి ముక్క ఎత్తుకుంటాడు. అననంతవరకూ ఎత్తుకోడు. ఆ రోజు 'కొన్నాళ్ళు రేకుల షెడ్లలో ఉండాలి' అన్న ఒక్క మాట దగ్గర పొద్దుగూకేదాకా కూర్చోబెట్టారు. ఇప్పుడు కావాలనే ఆ ఏర్పాటు చేశావా అని ఎవరైనా అడిగితే, అవును, కావాలనే చేశాను. ధైర్యం చాలనివాళ్ళు చేసే పని అది. నేను చెప్పాల్సింది వాళ్ళ చేత చెప్పించాను.

సమీక్ష రోజు ఉదయం షెడ్డు ముందు షామియానా వేశారు. లోపల మిషనుకు బంతిపూల దండ వేశారు. వెనక అదే జనరేటర్ ఉంది. స్తంభాలు ఇంకా రోడ్డు పక్కనే పడుకుని ఉన్నాయి, వాటి మీద జనం కూర్చున్నారు. బృందానికి పెద్ద ఒక నెరిసిన జుట్టు ఆవిడ. కుర్చీ వద్దని ఆడవాళ్ళతోపాటు చాప మీద కూర్చుంది. విస్తర్లు ఒత్తిన ఆమె రెండో వరసలో ఉంది.

నేను చదవడం మొదలుపెట్టాను. జలాశయం కోసం మీరు మీ భూములిచ్చారు. పెద్దమనిషి కోయలో చెప్పాడు. అందరూ అవునన్నారు. మీ కాలనీకి తారురోడ్డు వేశారు. అవునన్నారు. అది నిజమే, రోడ్డు మంచిది. మీకు పని కోసం షెడ్డు కట్టి, మిషను పెట్టారు. అవునన్నారు, కాస్త నెమ్మదిగా. తర్వాతిది నా వాక్యం. అడవిలో ఆకు ఏరుకున్న మహిళ శాశ్వత ఉపాధి పొందింది. చదువుతుంటే నా గొంతు మధ్యలో ఒకసారి ఆగింది. పెద్దమనిషి కోయలో చెప్పాడు.

ఎవరూ ఏమీ అనలేదు.

ఆయన ఇంకోసారి చెప్పాడు, కొంచెం గట్టిగా. ఈసారీ అవునన్న మాట రాలేదు. మా అధికారి చిరునవ్వు నవ్వి, తర్వాతిది కానివ్వండి, టైమవుతుందన్నారు. నేను పుస్తకంలోకి చూస్తూ ఊరుకున్నాను. పెద్దమనిషి మా అధికారి వైపు తిరిగాడు. పెద్దమనిషి మొహంలో కోపమేమీ లేదు. తెలియని పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు.

"ఇంక అవ్ అనలేదు సారూ. ఈ మాట నిలబడితె గద దీని మీద ఇంకో మాట పెట్టేది."

అలా ఎంతసేపు కూర్చున్నామో. బృందం పెద్దావిడ గడియారం చూసుకోలేదు, అందుకు ఆవిడకు దండం పెట్టాలి. ఎందుకనలేదో అడగండి అంది. పెద్దమనిషి అడగకముందే రెండో వరసలోంచి ఆమె లేచి నిలబడింది. ఆ ఫొటో తనదేనని, ఆ రోజు ఏడు విస్తర్లు చేశానని, ఆ తర్వాత మిషను తిరగలేదని చెప్పింది. ఈ కాగితం చూపెట్టి బడిలో వంటపని ఇవ్వలేదని చెప్పి, మడతలు విప్పి ఇచ్చింది. ఏడ్వలేదు, ఎవరినీ తిట్టలేదు. పెద్దావిడ కాగితం చదివి, లేచి, షెడ్డు వెనక్కి నడిచి జనరేటర్ చూసొచ్చింది. ఆ తర్వాత మా అధికారి వైపు, నా వైపు చూసి, దీన్ని రాసిందెవరని అడిగింది. నేనే అన్నాను. ఆరు నెలలు లేటుగా అన్నాను.

నాలుగో రోజు నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. కార్యాలయ ప్రతిష్ఠకు భంగం కలిగించానట. అబద్ధం రాసినందుకు కాదు సుమా, అది బయటపడినందుకు! ఒక్క ముక్కలో జవాబిచ్చాను, నేను భంగం కలిగించింది ఫలితాల పుస్తకం రాసినప్పుడు అని. రికార్డుల గదికి పంపారు. రిటైరవడానికి ఇంకా ఏడు నెలలుంది. ఆ గదిలో దుమ్ముకు దగ్గు పట్టుకుంది, ఇప్పటికీ వదలలేదు.

ఆమె పేరు మళ్ళీ పనిలేనివాళ్ళ జాబితాలోకి ఎక్కింది. ఎక్కేసరికి బడిలో పని ఇంకొకామెకు ఇచ్చేశారు. ఆ ఇంకొకామెను ఏమనగలం, ఆమెకూ పొయ్యి వెలగాలి కదా. అన్ని నెలలు లేవని స్తంభాలు మాత్రం వారంలో లేచాయి, కరెంటు వచ్చింది. ఆకు నీళ్ళ కిందే ఉంది.

తర్వాతి మార్చిలో సవరించిన ఫలితాల పుస్తకం అచ్చయింది. రికార్డుల గదికి ఒక కాపీ వస్తుంది కాబట్టి నాకూ దక్కింది. తొమ్మిదో పేజీ తీశాను. ఆమె ఫొటో లేదు. అప్పుడు నేనెంత సంతోషించానో చెప్పలేను. మూర్ఖురాలిని, కింద చదవకుండానే సంతోషించాను. ఆ ఆదివారమే బస్సెక్కి కాలనీకి వెళ్ళాను.

ఆమె వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. భర్త మంచం ఎండలోకి జరిపి ఉంది. పుస్తకం ఇచ్చి, ముందు చెప్పాల్సింది చెప్పాను. ఆ మాట రాసింది నేనేనమ్మా అన్నాను.

"తెలుసమ్మా. ఆ దినం నువ్వు సదువుతుంటె ఆడనే గద నీ గొంతు ఆగింది."

తర్వాత తొమ్మిదో పేజీ తీసి చూసింది. తన ఫొటో ఉన్నచోట వేరే ఆడమనిషి ఉంది. కింద ఏం రాశారో చదవమంది. చదివాను. 'నిన్నటిదాకా అడవిలో ఆకు ఏరుకున్న ఈ గిరిజన మహిళ...' ఒక్క అక్షరం మారలేదు. మధ్యలో ఆపబోతే ఆమె చివరిదాకా చదవమంది.

"నా మొఖం తీసేసిండ్రు, మాట గట్లనే ఉంచిండ్రు. మొఖం నిజమే గదమ్మా. మాటనే గద అబద్ధం."

ఆమె ఆ ఫొటో మీద వేలు పెట్టింది. "ఈమెది ఏ ఊరమ్మా? ఈమెకు ఎవరన్న చెప్పిండ్రా?" అంది.

మర్నాడు ఫొటోగ్రాఫర్ను అడిగాను. అది తాను తీసింది కాదని, పైనుంచి ఫోన్లో వచ్చిందని, ఏ జిల్లాదో కూడా తెలియదని చెప్పాడు. మా అధికారినీ అడిగాను, తర్వాత ఉత్తరం రాశాను, రిటైరయ్యాక ఇంకో రెండు రాశాను. ఏ ఒక్కదానికీ జవాబు రాలేదు. ఈపాటికి ఎక్కడో ఒక గుమాస్తా ఆ పేజీ తీసి ఆమెకు చూపించే ఉంటాడు.

అందుకే పిల్లలూ, శాలువా రోజున చెప్పాలనుకున్నది ఇదే. మీరు చేరిన ఆఫీసుల్లో, బీరువాలో ఆకుపచ్చ అట్టతో ఆ సవరించిన ఫలితాల పుస్తకం ఉంటుంది. తొమ్మిదో పేజీ తీయండి. పసుపు చీర, ముక్కుకు రెండువైపులా పుడకలు, ఎడమ మోచేతి మీద పచ్చబొట్టు. ఆమె ఏ ఊరి మనిషో మీలో ఎవరికైనా తెలిస్తే, ముందు వెళ్ళి ఆమెకు ఆ వాక్యం చదివి వినిపించండి. ఎవరు రాశారని అడుగుతుంది. ఆఫీసులో రాస్తారని చెప్పకండి. నేను రాశానని చెప్పండి.